కిర్గిజ్‌స్తాన్ గురించి ఎంబీబీఎస్ సంగతి కాకుండా ఇంకేమైనా చెప్తారా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. మా మేనకోడలు మెడిసిన్ చదవడానికి బిష్కెక్ వెళ్తానంటోంది. తెలుగులో వెతికితే కన్సల్టెన్సీల వీడియోలు తప్ప ఏమీ కనపడడం లేదు. ఫీజు ఎంత, మెస్సులో సాంబారు ఉంటుందా, ఇదే గోల. అసలు ఆ దేశం ఎలాంటిది, అక్కడి జనం ఎవరు, ఏం తిని బతుకుతారు, రాజకీయం ఎలా ఉంటుంది, ఇవి చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లని ఆరేళ్ళు పంపించే చోటు గురించి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? కాలేజీల ర్యాంకులు వద్దు, దేశం గురించి చెప్పండి.

వెటకారం:
చివర 'స్తాన్' ఉన్నవన్నీ ఒకటే కదండీ. ఎడారి, ఒంటెలు, పెట్రోలు.

సంచారి72:
వెటకారం గారూ, మీరు చెప్పిన మూడిటిలో అక్కడ ఏదీ పెద్దగా లేదు. ఎడారి, గ్యాసు కావాలంటే తుర్క్‌మెనిస్తాన్, పెట్రోలు కావాలంటే కజకిస్తాన్. కిర్గిజ్‌స్తాన్ అంటే కొండలు, కొండలు, మళ్ళీ కొండలు. 90 శాతానికి పైగా నేల సముద్రమట్టానికి 1,500 మీటర్ల కంటే ఎత్తులో ఉంటుంది. తియాన్‌షాన్ పర్వతాలు దేశమంతా పరుచుకుని ఉంటాయి, చైనా సరిహద్దులో ఉన్న జెంగిష్ చోకుసు శిఖరం ఎత్తు 7,439 మీటర్లు.

పైన కజకిస్తాన్, పడమర ఉజ్బెకిస్తాన్, కింద తజికిస్తాన్, తూర్పున చైనా. సముద్రం ఏ వైపూ లేదు. విస్తీర్ణం దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, కానీ దేశం మొత్తం జనాభా ఈ మధ్యే 70 లక్షలు దాటింది. మన హైదరాబాద్‌లోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఆ ఉన్నవాళ్ళలో కూడా పది లక్షల పైచిలుకు బిష్కెక్‌లోనే. మిగతా దేశంలో గంటలకొద్దీ బండి నడిపినా గుర్రాలు, గొర్రెలు, అక్కడక్కడ తెల్లటి గుండ్రటి గుడారాలు తప్ప ఏమీ కనపడని దారులు ఉన్నాయి.

ఇస్సిక్ కుల్ అని ఒక సరస్సు ఉంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. 1,607 మీటర్ల ఎత్తులో, 180 కిలోమీటర్ల పొడవున, అత్యంత లోతైన చోట 668 మీటర్లు. చుట్టూ మంచు కొండలు ఉన్నా చలికాలంలో కూడా గడ్డకట్టదు, ఎందుకంటే నీళ్ళలో కొంచెం ఉప్పు ఉంది, పైగా అంత లోతు. సోవియట్ కాలంలో అక్కడ టార్పెడోలు పరీక్షించేవాళ్ళు! సముద్రమే లేని చోట నౌకాదళం పని. ఇప్పుడు ఉత్తరపు ఒడ్డున చోల్‌పొన్ అతా చుట్టుపక్కల వేసవిలో కజక్‌లు, రష్యన్‌లు కుటుంబాలతో వచ్చి పడతారు. నాకు మాత్రం దక్షిణపు ఒడ్డే నచ్చింది, జనం తక్కువ.

బిష్కెక్‌లో_బెజవాడ:
నేను ఇక్కడే మెడిసిన్ చివరి ఏడాది. సంచారి గారు టూరిస్టు కళ్ళతో చెప్పారు, నేను రోజూ చూసేది చెప్తాను.

బిష్కెక్ నిటారు వీధులు, పెద్ద చెట్లు, పక్కనే కాలువలు ఉన్న సోవియట్ ఊరు. వేసవిలో బాగుంటుంది. దక్షిణం వైపు తలెత్తితే మంచు కొండలు కనిపిస్తాయి, 40 కిలోమీటర్లు వెళ్తే అలా అర్చా నేషనల్ పార్కు. కానీ నవంబరు వచ్చిందంటే ఆ కొండలు మాయం. ఇళ్ళలో బొగ్గు కాలుస్తారు, విద్యుత్ కేంద్రం కూడా బొగ్గుదే, ఆ పొగంతా ఊరి మీదే కూర్చుంటుంది. చలికాలంలో ప్రపంచంలో గాలి బాగాలేని ఊళ్ళ జాబితాలో బిష్కెక్ పైనే ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి, ఇది ఏ కన్సల్టెన్సీ చెప్పదు. చలి కొన్నిసార్లు మైనస్ 20 కూడా దాటుతుంది, అయితే గదుల్లో హీటింగ్ బాగానే ఉంటుంది, బయటికి వస్తేనే కష్టం.

డబ్బు 'సోమ్'. ఈ మధ్య సోమ్ విలువ ఇంచుమించు మన రూపాయి విలువే కాబట్టి లెక్కలు కట్టే పని లేదు. టైము మనకంటే అరగంట ముందు, ఇంటికి ఫోన్ చేయడానికి ఇబ్బంది లేదు. ఊళ్ళో తిరగడానికి బస్సులు, మార్ష్రుత్కా అనే వ్యాన్లు ఉన్నాయి. కిర్గిజ్ రాజ్యభాష, రష్యన్ అధికార భాష, రెండూ సిరిలిక్ లిపిలోనే రాస్తారు. బిష్కెక్‌లో రష్యన్ వస్తే చాలు, పల్లెలకు వెళ్తే కిర్గిజ్ కావాలి. ఇంగ్లీషుతో నడిచిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. క్లాసు ఇంగ్లీషులో ఉంటుంది, ఆస్పత్రిలో పేషెంటు ఇంగ్లీషులో మాట్లాడడు కదా.

శాంతమ్మ మనవరాలు:
తిండి సంగతి చెప్పలేదేం? శాకాహారులకు ఎలా?

బిష్కెక్‌లో_బెజవాడ:
అక్కా, శాకాహారులకు బయట కష్టమే. గొర్రె మాంసం, గుర్రం మాంసం, పిండి వంటలు, ఇదే ప్రపంచం. గుర్రం మాంసంతో సాసేజ్ చేస్తారు, పెళ్ళిళ్ళలో అది పెట్టకపోతే మర్యాద తక్కువైనట్టు. లగ్మాన్ అని చేత్తో సాగదీసిన నూడుల్స్, ప్లోవ్ అని మన పలావుకు చుట్టం, సమోసాకు బంధువైన సమ్సా, ఇది మట్టి పొయ్యి గోడకు అంటించి కాలుస్తారు. కరకోల్ ఊరికి వెళ్తే అష్లాన్‌ఫు అని పుల్లగా, కారంగా ఉండే చల్లని నూడుల్స్ దొరుకుతాయి, అది దుంగన్‌లది. వాళ్ళు 19వ శతాబ్దం చివర్లో చైనా నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు. కారం కోసం మొహం వాచిపోయిన తెలుగువాడికి ఆ గిన్నె దేవుడిచ్చిన వరం.

టీ, రొట్టె లేని బల్ల ఉండదు. రొట్టెను తిరగేసి పెట్టకూడదు, పారేయకూడదు, పెద్దవాళ్ళు చూస్తే తిడతారు. వేసవిలో కుమిస్ అని గుర్రపు పాలు పులియబెట్టి తాగుతారు, కొంచెం మత్తు ఉంటుంది. నాకు నచ్చలేదు. నచ్చిందని మొహమాటానికి అన్నానో, ఇంకో గిన్నె పోశారు. ఇండియన్ మెస్సులు ఉన్నాయి కాబట్టి చదువుకునేవాళ్ళకు అన్నం, పప్పు దొరుకుతాయి, దాని గురించి టెన్షన్ వద్దు.

పాతపుస్తకాలు:
చరిత్ర ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను. కిర్గిజ్‌లు తురుష్క భాష మాట్లాడే సంచార జాతి, ఎక్కువమంది సున్నీ ముస్లింలు. అయితే కొండల్లో తిరిగే మంద కాపరుల ఇస్లాం, ఉజ్బెక్ పట్నాల ఇస్లాం ఒకలా ఉండేవి కావు, పాత నమ్మకాలు చాలా కలిసిపోయాయి. వాళ్ళకు పుస్తకాల కంటే నోటిమాటే సాహిత్యం. మనస్ అనే వీరుడి గాథను 'మనస్చి' అనే గాయకులు రాత్రుళ్ళు రాత్రుళ్ళు పాడతారు, సయక్‌బాయ్ కరలయేవ్ దగ్గర రాసుకున్న పాఠంలోనే దాదాపు ఐదు లక్షల పాదాలున్నాయి. జెండాలో సూర్యుడికి 40 కిరణాలు ఉంటాయి, మనస్ కలిపిన 40 తెగలకు గుర్తు. ఆ సూర్యుడి మధ్యలో కనిపించేది గుడారం కప్పు మీద ఉండే చక్రం. 2023 చివర్లో ఆ కిరణాలను వంకర నుంచి నిటారుగా మార్చారు, పాతది పొద్దుతిరుగుడు పువ్వులా ఉందని! దాని మీద జనం బాగానే గొడవ పడ్డారు.

19వ శతాబ్దం రెండో సగంలో జార్ రష్యా చేతిలోకి పోయింది. 1916లో మొదటి ప్రపంచ యుద్ధం పనులకు మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోతామంటే తిరగబడ్డారు, సైన్యం అణచివేస్తే లక్షలమంది మంచు కనుమల మీదుగా చైనాకు పరుగెత్తారు, దారిలో ఎంతమంది చచ్చారో లెక్క లేదు. ఆ పరుగును 'ఉర్కున్' అంటారు, ఇప్పటికీ ఇళ్ళలో చెప్పుకుంటారు. 1936లో సోవియట్ రిపబ్లిక్ అయింది. బిష్కెక్‌కు అక్కడే పుట్టిన ఎర్రసైన్యం నాయకుడు ఫ్రుంజె పేరు పెట్టారు, 1991 దాకా అదే పేరు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు విమానం టికెట్ మీద బిష్కెక్‌కు 'ఎఫ్‌ఆర్‌యూ' అనే ఉండేది, అందుకే.

మన పాతతరం వాళ్ళకు కిర్గిజ్ పేరు తెలిసింది చింగిజ్ ఐత్మాతోవ్ వల్ల. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో చవగ్గా దొరికే రోజుల్లో ఆయన కథలు చదివినవాళ్ళు ఈ వేదికలోనే ఉంటారు. ఆయన తండ్రి కమ్యూనిస్టు నాయకుడే, అయినా స్టాలిన్ కాలంలో 1938లో కాల్చి చంపారు, శవం ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు తెలియదు. 1991లో బిష్కెక్ దగ్గర చోంగ్‌తాష్ కొండవాలులో వందకు పైగా శవాలున్న గొయ్యి బయటపడింది, తండ్రి ద్వారా విన్న సంగతి ఒకావిడ చెప్తే తవ్వారు. అందులో ఆయన తండ్రి కూడా ఉన్నాడు. అక్కడ అతా బెయిత్ అని స్మారకం కట్టారు. 2008లో ఐత్మాతోవ్ చనిపోతే ఆయన్నీ అక్కడే పాతిపెట్టారు. మీ మేనకోడలు వెళ్తే తప్పక చూడమనండి, ఊరికి దగ్గరే.

వెటకారం:
మరి ఇండియాతో ఏదైనా చుట్టరికం ఉందా, లేక మన పిల్లల ఫీజులేనా?

పాతపుస్తకాలు:
ఉంది. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 630 ప్రాంతంలో ఇస్సిక్ కుల్ పక్కగా వచ్చి, ఇప్పటి తోక్‌మోక్ దగ్గరున్న సుయాబ్‌లో తురుష్క ఖగాన్ (వాళ్ళ రాజు) ఆతిథ్యం తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మన ధాన్యకటకం వచ్చినవాడూ ఆయనే. సుయాబ్ శిథిలాల్లో, ఇప్పుడు అక్‌బెషిమ్ అంటారు, బౌద్ధ ఆలయాలు బయటపడ్డాయి. అంటే అమరావతికీ ఆ లోయకూ ఒకే మనిషి పాదాలు తగిలాయి. ఇక ఓష్ ఊరు మధ్యలో సులైమాన్ తూ అనే కొండ ఉంది, యునెస్కో జాబితాలో ఉంది, దాని మీద బాబర్ పేరుతో చిన్న కట్టడం. బాబర్ పుట్టింది పక్కనే అండిజాన్‌లో, అది ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది.

ఇప్పటి సంగతి అంటే, 2011 నుంచి రెండు సైన్యాలు 'ఖంజర్' పేరుతో కలిసి విన్యాసాలు చేస్తున్నాయి. 2019 జూన్‌లో షాంఘై సహకార సంస్థ సమావేశానికి మోదీ బిష్కెక్ వెళ్ళారు.

ఆత్మకూరు అబ్బాయి:
నాకు ఈ దేశం మీద ఆసక్తి నీళ్ళ వల్ల వచ్చింది, మాది శ్రీశైలం కింద ఊరు కాబట్టి. నారిన్ నది అక్కడి కొండల్లో పుట్టి కిందకు వెళ్ళి సిర్ దర్యా అవుతుంది. దాని మీద 1970ల్లో కట్టిన తోక్తోగుల్ డ్యామ్ ఉంది, కట్టినప్పుడు 1,200 మెగావాట్లు. దేశంలో కరెంటులో చాలా భాగం నీళ్ళ నుంచే. కిర్గిజ్‌లకు కరెంటు కావాల్సింది చలికాలంలో, కాబట్టి అప్పుడు నీళ్ళు వదలాలి. కింద ఉజ్బెక్, కజక్ రైతులకు పత్తికి నీళ్ళు కావాల్సింది వేసవిలో, కాబట్టి చలికాలం నిల్వ ఉంచమంటారు. శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్ళు కిందకు వదిలేస్తున్నారని ఇటూ అటూ కొట్టుకున్నట్టే, కాకపోతే అక్కడ రెండు రాష్ట్రాలు కాదు, మూడు దేశాలు.

సోవియట్ రోజుల్లో మాస్కో పంచాయితీ చేసేది. మీరు వేసవిలో నీళ్ళు వదలండి, వాళ్ళు చలికాలంలో మీకు గ్యాసు, బొగ్గు పంపుతారు అని. 1991 తర్వాత గ్యాసుకు డబ్బు అడిగారు, నీళ్ళు మాత్రం ఉచితమన్నారు. అప్పటి నుంచి గొడవ. ఇప్పుడు కాస్త బుద్ధి వచ్చి, కంబరాతా 1 అని 1,860 మెగావాట్ల కొత్త డ్యామ్‌ను మూడు దేశాలూ కలిసి కట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. కృష్ణా బోర్డు వాళ్ళు ఒకసారి వెళ్ళి చూసొస్తే బాగుండు.

రైలుబండి:
సరిహద్దుల సంగతి కూడా ఆ సోవియట్ వారసత్వమే. ఫెర్గానా లోయను 1920లలో మూడు రిపబ్లిక్కులకు పంచారు, గీతలు ఎంత మెలికలు తిరిగాయంటే కిర్గిజ్ నేల మధ్యలో ఉజ్బెక్ ముక్క సోఖ్, తజిక్ ముక్క వోరుఖ్ ఉన్నాయి. ఒకే దేశంగా ఉన్నప్పుడు ఎవరికీ పట్టలేదు. తర్వాత పొలం ఒకరిది, కాలువ ఒకరిది, రోడ్డు ఇంకొకరిది. 2021 ఏప్రిల్‌లో, 2022 సెప్టెంబరులో బత్‌కెన్ వైపు కిర్గిజ్, తజిక్ సైన్యాలు కాల్చుకున్నాయి, ఊళ్ళు తగలబడ్డాయి. 2025 మార్చిలో ఇద్దరు అధ్యక్షులూ కూర్చుని సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఇది నిజంగా పెద్ద విషయం, మన పేపర్లలో ఒక మూల కూడా రాలేదు.

ఇంకోటి, దేశాన్ని కొండలు ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేశాయి. బిష్కెక్ నుంచి ఓష్ వెళ్ళే రోడ్డు 600 కిలోమీటర్లకు పైనే, 3 వేల మీటర్ల ఎత్తున సొరంగం, రోజంతా పడుతుంది. రెండిటినీ కలిపే రైలు లేనే లేదు. చైనా నుంచి కిర్గిజ్‌స్తాన్ మీదుగా ఉజ్బెకిస్తాన్‌కు కొత్త లైను పని 2024 డిసెంబరులో మొదలైంది. మొత్తం సొరంగాలు, వంతెనలే, ఎప్పటికి పూర్తవుతుందో చూడాలి.

శాంతమ్మ మనవరాలు:
అక్కడ ప్రభుత్వాలు తరచూ పడిపోతాయట కదా? పిల్లలు క్షేమమేనా?

సంచారి72:
పడిపోవడం కాదండీ, జనమే వీధుల్లోకి వచ్చి దింపేస్తారు. 1991 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చాక మొదటి అధ్యక్షుడు అకాయేవ్, భౌతిక శాస్త్రవేత్త, మంచి పేరుతో మొదలై చివరికి కుటుంబ పాలన దాకా వెళ్ళాడు, 2005లో పారిపోయాడు. తర్వాత బకియేవ్ 2010లో పారిపోయాడు. ఆ సమయంలో రోజా ఒతున్‌బాయేవా తాత్కాలిక అధ్యక్షురాలు అయ్యారు, మధ్య ఆసియాలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. అదే ఏడాది జూన్‌లో ఓష్‌లో కిర్గిజ్, ఉజ్బెక్ వర్గాల మధ్య జరిగిన మారణకాండలో 400 మందికి పైగా పోయారు. ఆ గాయం దక్షిణంలో ఇంకా మానలేదు, ఓష్‌లో ఆ ప్రస్తావన తెస్తే మాట మార్చేస్తారు.

2020లో మూడోసారి. అక్టోబరు మొదట్లో జైల్లో ఉన్న సదిర్ జపరోవ్‌ను ఆందోళనకారులు విడిపించారు, అదే నెలలో ఆయన ప్రధాని అయ్యాడు, ఆ వెంటనే తాత్కాలిక అధ్యక్షుడు, 2021 జనవరిలో ఎన్నికల్లో గెలిచి అసలు అధ్యక్షుడు. మన సినిమాల్లో కూడా ఇంత వేగం ఉండదు. రాజ్యాంగం మార్చి అధికారమంతా తన దగ్గర పెట్టుకున్నాడు.

రైలుబండి:
సంచారి గారూ, మీరు కొంచెం ఏకపక్షంగా చెప్తున్నారు. కుమ్తోర్ బంగారు గనిని కెనడా కంపెనీ దగ్గర్నుంచి ప్రభుత్వం చేతిలోకి తెచ్చింది ఆయనే, సరిహద్దులు తేల్చింది ఆయనే, ఊళ్ళలో మంచి మాట ఉంది.

సంచారి72:
అది నేను కాదనడం లేదు. కానీ ఒకప్పుడు మధ్య ఆసియాలో కాస్త స్వేచ్ఛగా పేపర్లు, టీవీలు నడిచిన దేశం అదొక్కటే. ఇప్పుడు విలేకరులు జైలుకు పోతున్నారు, ఎన్‌జీఓల మీద 2024లో కొత్త చట్టం వచ్చింది. గని తెచ్చినందుకు మెచ్చుకుందాం, దానికి బదులుగా నోరు కట్టేసుకోమంటే మాత్రం ఒప్పుకోను.

బిష్కెక్‌లో_బెజవాడ:
క్షేమం సంగతి నేను చెప్తాను, దాచడం ఎందుకు. 2024 మేలో విదేశీ విద్యార్థులతో గొడవ జరిగిన వీడియో వైరల్ అయ్యి, 17వ తేదీ రాత్రి గుంపులు హాస్టళ్ళ మీద పడ్డాయి. దెబ్బలు ఎక్కువగా పాకిస్తాన్ విద్యార్థులకు తగిలాయి, అయినా మేమూ లైట్లు ఆర్పేసి గదుల్లోనే ఉన్నాం, బయటికి రావద్దని మన ఎంబసీ చెప్పింది. మా ఇంటి ఓనరమ్మ మాత్రం వరుసగా వంట చేసి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. తర్వాత సద్దుమణిగింది. మామూలు రోజుల్లో భయం లేదు, కానీ రాత్రి ఆలస్యంగా ఒంటరిగా తిరగడం, తాగి ఉన్నవాళ్ళతో వాదన పెట్టుకోవడం, ఈ రెండూ మానేయాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. 'అలా కచూ' అని పెళ్ళి కోసం అమ్మాయిని ఎత్తుకుపోయే దురాచారం ఇక్కడ ఉంది. 2013లో శిక్ష పదేళ్ళ దాకా పెంచారు, అయినా పల్లెల్లో పూర్తిగా పోలేదు. విదేశీ విద్యార్థినులకు దానితో సంబంధం లేదు, కానీ మనం ఉండే దేశంలో ఏం జరుగుతుందో తెలిసుండాలి. దాని మీద గట్టిగా పోరాడుతున్నది కూడా ఇక్కడి అమ్మాయిలే.

కృష్ణాతీరం:
చాలా థాంక్స్ అందరికీ. ఒక్క రోజులో ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. జనం డబ్బు ఎలా సంపాదిస్తారు? బంగారం ఒక్కటేనా?

రైలుబండి:
బంగారం, మందలు, బజారు వ్యాపారం, అన్నిటికంటే ముఖ్యంగా రష్యాలో కూలి. ఇంటికి ఒకరైనా మాస్కోలోనో ఇంకెక్కడో పనిచేస్తుంటారు, వాళ్ళు పంపే డబ్బే చాలా ఊళ్ళను నిలబెడుతోంది. మన కోనసీమ, కరీంనగర్‌ల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2015లో రష్యా నడిపే యురేషియన్ ఆర్థిక సంఘంలో చేరడానికి పెద్ద కారణం కూడా ఆ కార్మికులే. రష్యాలో ఏదైనా తేడా వస్తే కిర్గిజ్‌స్తాన్‌లో వెంటనే తెలుస్తుంది.

బిష్కెక్‌లో_బెజవాడ:
కృష్ణాతీరం గారూ, మీరు అడగలేదు కానీ చదువు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నీట్ క్వాలిఫై కాకుండా రావద్దు. మన ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2021 నిబంధనల ప్రకారం ఇంగ్లీషు మీడియంలో కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఉండాలి. చేరబోయే కాలేజీ అవి ఇస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 రావాలి. రాసినవాళ్ళలో ఎక్కువమంది తప్పుతున్నారు, అది కాలేజీ తప్పు ఎంతో మన బద్ధకం తప్పూ అంతే. మొదటి ఏడాది నుంచే దానికి చదవాలి. నన్ను తీసుకొచ్చిన ఏజెంటు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు, హాస్టల్ ఫొటోలు మాత్రం భలే చూపించాడు.

శాంతమ్మ మనవరాలు:
ఢిల్లీ నుంచి నేరుగా విమానం ఉందా తమ్ముడూ? చలి బట్టలు ఇక్కడే కొనాలా?

బిష్కెక్‌లో_బెజవాడ:
ఉంది అక్కా, నాలుగు గంటల లోపే. బట్టలు మాత్రం అక్కడ కొనకండి, మన దగ్గర అమ్మే జాకెట్లు ఇక్కడి చలికి సరిపోవు. థర్మల్స్ రెండు జతలు తెచ్చుకుంటే చాలు. మిగతావి దొర్దోయ్ బజారులో దొరుకుతాయి, షిప్పింగ్ కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి దుకాణాలు చేసిన పెద్ద సంత అది, కింద దుకాణం, పైన గోడౌను. బూట్లు బేరమాడండి, మొదట చెప్పిన ధరకు కొన్నారంటే అమ్మినవాడికే ఆశ్చర్యం. పెట్టెలో ఆ మిగిలిన చోట ఆవకాయ, కందిపొడి పెట్టండి.